ఫ్లూ సీజన్లో విమాన ప్రయాణం: తరచుగా అడిగే ప్రశ్నలు

మన దగ్గర ఫ్లూ ఏడాదిలో రెండుసార్లు ఊపందుకుంటుంది. జులై నుంచి సెప్టెంబరు దాకా వానాకాలంలో ఒకసారి, జనవరి నుంచి మార్చి దాకా మరోసారి. రెండోది సరిగ్గా సంక్రాంతి రాకపోకల మీదే పడుతుంది. ఇక్కడ ఫ్లూ అంటే ఇన్‌ఫ్లుయెంజా ఎ, బి వైరస్‌ల వల్ల వచ్చే జబ్బు. హెచ్1ఎన్1ని ఇప్పటికీ స్వైన్ ఫ్లూ అనే పిలుస్తున్నాం గానీ, 2010 ఆగస్టులో ఆ మహమ్మారి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించాక అదీ సీజనల్ ఫ్లూల్లో ఒకటైపోయింది. తుమ్ములు, ముక్కు కారడంతో నిదానంగా మొదలయ్యేది జలుబు. పొద్దున బాగానే ఉన్న మనిషికి సాయంత్రానికల్లా 102 జ్వరం, పొడిదగ్గు, ఒళ్లంతా విరిచేసినట్టు నొప్పులు వస్తే ఫ్లూ అని అనుమానించాలి.

ఫ్లూ బాగా ఉందని వార్తల్లో వస్తోంది. టికెట్ రద్దు చేసుకోవాలా?

ఆరోగ్యంగా ఉన్నవాళ్లు అక్కర్లేదు. 2009లో హెచ్1ఎన్1 దేశదేశాలకీ పాకుతున్నప్పుడు కూడా సరిహద్దులు మూయమనీ, ప్రయాణాలు ఆపమనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పలేదు. కొందరు మాత్రం ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోవాలి: 65 దాటినవాళ్లు, గర్భిణులు, ఐదేళ్ల లోపు పిల్లలు (రెండేళ్ల లోపు వాళ్లయితే మరీ), ఆస్తమా, సీఓపీడీ (ఊపిరితిత్తుల దీర్ఘకాలిక జబ్బు), గుండె, కిడ్నీ జబ్బులు, అదుపులో లేని షుగర్ ఉన్నవాళ్లు, క్యాన్సర్‌కి కీమో నడుస్తున్నవాళ్లు, చాలాకాలంగా స్టెరాయిడ్స్ వాడుతున్నవాళ్లు. పెళ్లికో, తద్దినానికో తప్పనిసరిగా వెళ్లాల్సిందే అయితే టీకా, సరిగ్గా బిగిసే మాస్క్, రద్దీ తక్కువ ఉండే ఫ్లైట్ టైము ఈ మూడూ చూసుకుని వెళ్లొచ్చు. వాయిదా వేయడానికి వీలున్న ప్రయాణాన్ని వాళ్లు వాయిదా వేసుకోవడమే మంచిది.

మూసేసిన విమానంలో రెండొందల మందిమి ఒకే గాలి పీలుస్తాం కదా, ఒకరికుంటే అందరికీ అంటుకోదా?

ఎక్కువమంది భయపడేది దీనికే. నిజానికి గాల్లో ఎగురుతున్న జెట్ విమానంలో గాలి, మన పెళ్లి హాల్లో గాలి కన్నా చాలా శుభ్రం. క్యాబిన్లోకి వచ్చే గాలిలో దాదాపు సగం బయటి నుంచి కొత్తగా వచ్చేది, మిగతా సగం హెపా ఫిల్టర్ల గుండా వెళ్లి తిరిగొచ్చేది. హెపా ఫిల్టర్ 0.3 మైక్రాన్ల కణాలను 99.97 శాతం పట్టేస్తుంది. వైరస్ తుంపర్లలో కలిసి తిరుగుతుంది కాబట్టి ఆ వడపోతను దాటడం కష్టం. క్యాబిన్ మొత్తం గాలి గంటకు 20 నుంచి 30 సార్లు మారుతుంది. పైగా గాలి ముందు నుంచి వెనక్కి పారదు. తలపై నుంచి దిగి, అదే వరస పక్కన నేల దగ్గరున్న జాలీల్లోంచి బయటికి పోతుంది. అందుకే 3వ వరసలో దగ్గే మనిషి వల్ల 28వ వరసలో ఉన్నవాళ్లకు భయం లేదు.

అసలు ప్రమాదం దగ్గరి మనుషులతోనే. ఫ్లూ ఉన్నవాళ్లకు ముందు వెనకల రెండు వరసల్లో, పక్క సీట్లలో ఉన్నవాళ్లకు అంటుకునే అవకాశం ఎక్కువ. దగ్గిన తుంపర వడపోతకు చేరేలోపే పక్కవాడి ముక్కు చేరుతుంది. దానికి హెపా ఏమీ చేయలేదు.

రెండోది, ఈ లెక్కంతా వెంటిలేషన్ నడుస్తున్నప్పటి మాట. 1977లో అలాస్కాలో ఇంజిన్ చెడిపోయిన ఒక జెట్ విమానం నేల మీదే గంటల తరబడి నిలిచిపోయింది. ఆ సేపంతా గాలి సరఫరా ఆగిపోయింది. లోపల ఫ్లూ ఉన్న ప్రయాణికురాలు ఒక్కరే. 72 గంటల్లో 72 శాతం మంది ప్రయాణికులు మంచం ఎక్కారు. అందుకే విమానం రన్‌వే పక్కన ఆగి, పైనుంచి గాలి రావడం ఆగి, లోపల ఉక్కపోస్తుంటే ఊరుకోకండి. బెల్ నొక్కి సిబ్బందికి చెప్పండి. వెంటిలేషన్ లేకుండా అరగంట దాటితే ప్రయాణికుల్ని దించేయడమే మంచిదని ఈ రంగంలోని వైద్యుల సలహా. ఎక్కేటప్పుడు, ఆగి ఉన్నప్పుడు, దిగేటప్పుడు మాస్క్ తప్పనిసరిగా ఉండాలి. కొంతమంది సరిగ్గా తలకిందులు చేస్తారు. గాల్లో ఉన్నంతసేపూ మాస్క్ పెట్టుకుని, చక్రాలు నేలను తాకగానే తీసి జేబులో పెట్టేసి, నడవలో గుంపులో ఇరుక్కుని పావుగంట నిలబడతారు.

కొన్ని చిన్న విమానాల్లో హెపా ఉండదు. వాటిలో ప్రయాణం గంట, గంటంపావే కాబట్టి మాస్క్ తీయకుండా కూర్చుంటే సరిపోతుంది.

తలపైన ఉన్న గాలి నాజిల్ మూసేయాలా, తెరవాలా?

తెరవండి. అందులోంచి వచ్చేది కూడా బయటి గాలి, వడకట్టిన గాలి కలిసినదే. మధ్యస్థంగా తిప్పి, గాలి మీ ముఖానికి కాస్త ముందుగా ఒడిలోకి దిగేలా పెట్టుకోండి. సూటిగా కళ్లలోకి, ముక్కులోకి కొడితే ఆరిపోయి మంట పుడుతుంది. క్యాబిన్లో తేమ ఎటూ 10 నుంచి 20 శాతమే ఉంటుంది. ముక్కు లోపల పొర ఎండిపోతే వైరస్‌ను అడ్డుకునే శక్తీ తగ్గుతుంది. సెలైన్ ముక్కు చుక్కలు రెండు గంటలకోసారి వేసుకుంటే హాయిగా ఉంటుంది. కొన్ని పెద్ద విమానాల్లో ఈ నాజిల్సే ఉండవు, వెతుక్కోకండి.

ఏ సీటు తీసుకోవాలి?

కిటికీ పక్కది. అటూ ఇటూ నడిచేవాళ్లు, ట్రాలీ తోసే సిబ్బంది తగిలేది నడవ సీటు వాళ్లకే. కిటికీ దగ్గర కూర్చుని మధ్యలో లేవకపోతే తారసపడే మనుషుల సంఖ్య బాగా తగ్గిపోతుంది. టాయిలెట్ పక్క వరసలు వద్దు, అక్కడ ఎప్పుడూ క్యూ ఉంటుంది. పక్కవాళ్లు ఆగకుండా దగ్గుతుంటే సిబ్బందిని పిలిచి రెండు విషయాలు అడగొచ్చు: ఖాళీ సీటు ఉంటే మార్చమని, ఆయనకో మాస్క్ ఇవ్వమని. రెండోది మీరు నేరుగా అడిగితే గొడవవుతుంది, సిబ్బంది అడిగితే కాదు.

ఎయిర్‌పోర్టులో ఎక్కడ జాగ్రత్తగా ఉండాలి?

విమానంలో కన్నా ఇక్కడే ఎక్కువ. క్యూల్లో మనిషికీ మనిషికీ మధ్య అడుగు దూరం ఉండదు, గాలి విమానంలోలా మారదు.

మొదటిది గేటు బయటే. అమెరికాకో, దుబాయ్‌కో ఒకరు వెళ్తుంటే సాగనంపడానికి రెండు బండ్లలో బంధువులు దిగడం మనకు అలవాటు. కావలింతలు, బుగ్గలు పుణకడాలు, ఒకే ఫ్లాస్కులో టీ. ఫ్లూ ముమ్మరంగా ఉన్నప్పుడు ఈ ముచ్చట ఇంటి దగ్గరే కానిచ్చి, ఒకరిద్దరు మాత్రం వెళ్తే మంచిది. దగ్గుతున్న బాబాయి రానక్కర్లేదు, ఆయన నొచ్చుకున్నా సరే.

వెబ్ చెకిన్ ఇంట్లోనే చేసేసుకోండి. హైదరాబాద్, విజయవాడ వంటి చోట్ల దేశీయ ప్రయాణానికి డిజియాత్ర ఉంది. ముఖం చూపించి లోపలికి వెళ్లిపోవచ్చు కాబట్టి క్యూలో నిలబడే సేపు తగ్గుతుంది. కెమెరా ముందు, సీఐఎస్‌ఎఫ్ వాళ్లు అడిగినప్పుడు, ఇమిగ్రేషన్ దగ్గర మాస్క్ దించాల్సి వస్తుంది. చెవి తాడు పట్టుకుని దించండి, ముందు భాగం ముట్టుకోకండి. మీ వంతు వచ్చినప్పుడే దించండి, క్యూలో ఉండగా కాదు.

సెక్యూరిటీ ట్రేలు. 2016 చలికాలంలో ఫిన్లాండ్‌లోని హెల్సింకీ ఎయిర్‌పోర్టులో పరిశోధకులు రకరకాల చోట్ల నమూనాలు తీస్తే, పరీక్షించిన ప్లాస్టిక్ ట్రేలలో సగం మీద శ్వాసకోశ వైరస్‌ల ఆనవాళ్లు దొరికాయి. టాయిలెట్లలో తీసిన నమూనాల్లో దొరకలేదు! అక్కడ అందరూ చేతులు కడుక్కుంటారు, తుడిచేవాళ్లు తుడుస్తుంటారు. ట్రేని మాత్రం ఎవరూ పట్టించుకోరు. వాళ్లు చూసింది వైరస్ జన్యుపదార్థాన్నే, బతికున్న వైరస్‌ను కాదు. అయినా స్టీలు, ప్లాస్టిక్ మీద ఫ్లూ వైరస్ 24 నుంచి 48 గంటలు, బట్ట మీద, కాగితం మీద 8 నుంచి 12 గంటలు ఉండగలదని తెలుసు. కాబట్టి ఫోను, పర్సు, తాళాలు ముందే హ్యాండ్ బ్యాగులో వేసేసి బ్యాగును ట్రేలో పెట్టండి. అటువైపు బెల్టు పెట్టుకున్నాక శానిటైజర్. అప్పటిదాకా ముఖం ముట్టుకోకూడదు.

చివరిది బస్సు. విమానం దూరంగా ఆగి ఉంటే ఎక్కించే బస్సులో మనుషుల్ని కుక్కేస్తారు. తొందర లేకపోతే రెండో బస్సుకు ఆగండి. మీరు ఎక్కకుండా విమానం పోదు. దిగాక కూడా అంతే, సీటు బెల్టు లైటు ఆరగానే లేచి నడవలో నిలబడ్డంత మాత్రాన లగేజీ బెల్టు దగ్గరికి ముందు చేరేదేమీ లేదు.

ఏ మాస్క్? ఎంతసేపు?

ఆరోగ్యంగా ఉండి రక్షణ కోరుకునేవాళ్లకు ఎన్95 లేదా ఎఫ్‌ఎఫ్‌పీ2. తల వెనక రెండు పట్టీలు ఉండేది చెవులకు తగిలించేదాని కన్నా బాగా బిగుస్తుంది. పెట్టుకున్నాక ముక్కు దగ్గరి తీగను రెండు చేతుల వేళ్లతో నొక్కి, గట్టిగా ఊపిరి వదలండి. కళ్లద్దాలు మసకబారినా, బుగ్గల పక్క గాలి తగిలినా బిగుతు చాల్లేదని అర్థం. గుబురు గడ్డం ఉంటే ఎన్95 సీలు కాదు, సర్జికల్ మాస్క్‌తో సరిపెట్టుకోవాల్సిందే. వాల్వ్ ఉన్న మాస్క్‌లో వదిలిన గాలి వడపోత లేకుండా బయటికి పోతుంది. దగ్గు ఉన్నవాళ్లు అది పెట్టుకుంటే పక్కవాళ్లకు రక్షణ లేనట్టే.

తడిస్తే మార్చాలి. 16 గంటల ప్రయాణానికి మూడు, నాలుగు పెట్టుకోండి. అన్నం తినేటప్పుడు ఒక చిన్న ఉపాయం: అందరూ మాస్కులు తీసి తింటున్న పదిహేను నిమిషాలు మీరు ఆగండి, వాళ్లు ముగించాక మీరు తినండి. రెండేళ్ల లోపు పిల్లలకు మాస్క్ పెట్టకూడదు.

సీటు, ట్రే తుడవడం అవసరమా?

ఒక్కసారి చాలు. ట్రే టేబుల్, చేతి ఆనులు, బెల్టు బకిల్, టచ్ స్క్రీన్, కిటికీ షట్టర్ పిడి. ఆల్కహాల్ ఉన్న తడి వైప్స్‌తో తుడిచి ఆరనివ్వాలి. వెంటనే టిష్యూతో ఒత్తేస్తే ప్రయోజనం లేదు, తడిగా ఉన్నంతసేపే అది పనిచేస్తుంది. చేతులకు వాడే శానిటైజర్‌లో ఆల్కహాల్ కనీసం 60 శాతం ఉండాలి. బొటనవేళ్లు, వేళ్ల సందులు కలిసేలా 20 సెకన్లు రుద్దాలి. చేతికి మురికి, నూనె అంటి ఉంటే శానిటైజర్ సరిగా పనిచేయదు, సబ్బుతో కడగాల్సిందే. ఇంతకు మించి సీటు మీద దుప్పట్లు పరచడం, షూలకు స్ప్రే కొట్టడం దండగ.

టీకా ఎప్పుడు వేయించుకోవాలి?

ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందు. రక్షణ తయారుకావడానికి అంత సమయం పడుతుంది. ముందురోజు వేయించుకుని ఎక్కితే ఆ ప్రయాణానికి దాని లాభం దాదాపు ఉండదు. అయినా తిరుగు ప్రయాణానికి పనికొస్తుంది కాబట్టి మానక్కర్లేదు.

ఆరు నెలల నుంచి తొమ్మిదేళ్ల లోపు పిల్లలకు మొదటిసారి వేయిస్తుంటే రెండు డోసులు, మధ్య నాలుగు వారాల ఎడం. దాని మీద ఇంకో రెండు వారాలు. అంటే డిసెంబరు చివర్లో ఫ్లైట్ ఉంటే నవంబరు మొదట్లోనే పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లాలి. గర్భిణులు ఏ నెలలోనైనా ఇంజెక్షన్ టీకా వేయించుకోవచ్చు.

టీకాలోని రకాలను ఏటా ఉత్తరార్ధగోళానికి ఒకసారి, దక్షిణార్ధగోళానికి ఒకసారి విడివిడిగా నిర్ణయిస్తారు. నిరుడు వేయించుకున్నది ఈ ఏటికి చెల్లదని లెక్క. డబ్బా మీద సంవత్సరం చూసి అడిగి వేయించుకోండి. టీకా ఉన్నా ఫ్లూ రావచ్చు. వస్తే న్యుమోనియా దాకా, ఆసుపత్రి దాకా పోయే ముప్పు తగ్గుతుంది.

హజ్, ఉమ్రాకు వెళ్లేవాళ్లు?

మెనింజైటిస్ టీకా తప్పనిసరి, సౌదీ చేరడానికి కనీసం పది రోజుల ముందు పడాలి. లక్షల మంది ఒక్కచోట చేరే ప్రయాణం కాబట్టి, వయసు మళ్లినవాళ్లు, షుగర్, ఆస్తమా ఉన్నవాళ్లు ఫ్లూ టీకా కూడా వేయించుకునే వెళ్లాలి. రెండూ ఒకే రోజు వేరు వేరు చేతులకు వేయించుకోవచ్చు.

నిన్నటి నుంచి జ్వరం. రేపు ఫ్లైట్. ఏం చేయాలి?

ఎక్కకండి. ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

ఫ్లూ అంటుకున్న ఒకటి నుంచి నాలుగు రోజుల్లో, సగటున రెండో రోజున బయటపడుతుంది. లక్షణాలు మొదలవడానికి ఒకరోజు ముందు నుంచే అవతలివాళ్లకు అంటుతుంది. మొదటి మూడు, నాలుగు రోజులు వైరస్ అత్యధికంగా వస్తుంది. ఐదు నుంచి ఏడు రోజుల దాకా అంటించగలరు, చిన్నపిల్లలు, రోగనిరోధకశక్తి తగ్గినవాళ్లయితే ఇంకా ఎక్కువ రోజులు. నిన్న జ్వరం మొదలైందంటే రేపు మీరు సరిగ్గా ఉధృతిలో ఉంటారు.

రెండు పారాసిటమాల్ వేసుకుని ఎక్కేవాళ్లు ఎక్కువ. జ్వరం దిగుతుంది, ఒళ్లు తేలికపడుతుంది, స్కానర్ పట్టుకోదు. వైరస్ మాత్రం ఒక్క కణం కూడా తగ్గదు. ఇది పక్క సీటులో ఉన్న గర్భిణికీ, ముందు వరసలోని పసిబిడ్డకూ చేసే అన్యాయం. మీకూ మంచిది కాదు. ఎగురుతున్న విమానంలో గాలి ఒత్తిడి 6,000 నుంచి 8,000 అడుగుల కొండ మీద ఉన్నట్టు ఉంటుంది. ఆరోగ్యవంతులకే రక్తంలో ఆక్సిజన్ కొద్దిగా తగ్గుతుంది. ఊపిరితిత్తుల్లో నెమ్ము మొదలైనవాళ్లకు అక్కడ ఆయాసం ముదిరితే చుట్టుపక్కల ఆసుపత్రి ఉండదు.

మరి ఎప్పుడు ఎక్కొచ్చు? పారాసిటమాల్ వేసుకోకుండానే 24 గంటలు జ్వరం లేకుండా ఉండాలి, దగ్గు తగ్గుముఖం పట్టాలి. అది కనీసం. జ్వరం మొదలై ఐదు రోజులు దాటాక వెళ్తే ఇంకా మంచిది, అప్పుడు కూడా మాస్క్‌తో. ఇంట్లో పల్స్ ఆక్సీమీటర్ ఉంటే చూసుకోండి. కూర్చుని ఉండగానే 95 లోపు చూపిస్తుంటే డాక్టరు సరే అనే దాకా ప్రయాణం మాటే ఎత్తకండి. గోళ్ల రంగు ఉన్నా, వేళ్లు చల్లబడినా తప్పు అంకె చూపిస్తుంది, వేలు రుద్ది వేడి చేసి మళ్లీ పెట్టండి.

పరీక్ష చేయించుకోవాలా?

కేంద్ర ఆరోగ్య శాఖ హెచ్1ఎన్1 రోగుల్ని ఎ, బి, సి అని మూడు రకాలుగా చూస్తుంది. కొద్దిపాటి జ్వరం, దగ్గు, గొంతు నొప్పి ఎ. వీళ్లకు పరీక్షా అక్కర్లేదు, ఫ్లూ మందు టామిఫ్లూ కూడా అక్కర్లేదు, ఇంటిపట్టున ఉంటే చాలు. ఎక్కువ జ్వరం, విపరీతమైన గొంతు నొప్పి ఉన్నవాళ్లు, లేదా ముందు చెప్పిన ముప్పు ఎక్కువున్న వర్గాలవాళ్లు బి. ఆయాసం, ఛాతీ నొప్పి, మగత, బీపీ పడిపోవడం, తెమడలో రక్తం, గోళ్లు నీలబడడం వంటివి ఉంటే సి, వెంటనే ఆసుపత్రిలో చేర్చి పరీక్ష చేస్తారు. ఇంకో గుర్తు: తగ్గిన జ్వరం రెండు రోజుల తర్వాత మళ్లీ వచ్చి దగ్గు ముదిరితే అది న్యుమోనియా కావచ్చు.

ముందుజాగ్రత్తగా టామిఫ్లూ తీసుకెళ్లనా?

డాక్టరు రాసిస్తేనే. అసలు పేరు ఒసెల్టామివిర్. పెద్దలకు 75 మిల్లీగ్రాముల క్యాప్సూల్ పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, ఐదు రోజులు, మొత్తం పది. లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. వాంతి వచ్చినట్టు ఉంటుంది, ఏదైనా తిని వేసుకోవాలి. కిడ్నీ జబ్బు ఉంటే మోతాదు మారుతుంది. ముప్పు ఎక్కువున్న పెద్దవాళ్లు నెలల తరబడి విదేశంలో ఉండబోతుంటే, అక్కడ డాక్టరు దొరకడానికే రెండు రోజులు పట్టేలా ఉంటే, ఇక్కడి డాక్టరుతో మాట్లాడి వెంట ఉంచుకోవడంలో తప్పులేదు. యాంటీబయాటిక్ మాత్రం సొంతంగా మొదలెట్టకండి, వైరస్ మీద దానికి పని లేదు.

థర్మల్ స్కానర్ దాటేస్తే జబ్బు లేనట్టేనా?

కాదు. అది చూసేది చర్మం వేడిని. వైరస్ లోపల ఉండి ఇంకా జ్వరం రానివాళ్లను, మాత్ర వేసుకున్నవాళ్లను అది పట్టుకోలేదు. ఎండలోంచి పరుగున వచ్చినవాళ్లనో, వేడి టీ తాగినవాళ్లనో అనవసరంగా ఆపుతుంది. దేశంలో మొట్టమొదటి హెచ్1ఎన్1 కేసు 2009 మే 16న నిర్ధారణ అయింది హైదరాబాద్‌లోనే, అమెరికా నుంచి వచ్చిన ప్రయాణికుడిలో. ఆ తర్వాత ఎయిర్‌పోర్టుల్లో ఎన్ని స్కానర్లు పెట్టినా వైరస్ దేశంలోకి రాకుండా ఆగలేదు. స్కానింగ్ ఉంటే సహకరించండి, దాన్ని నమ్ముకుని మాస్క్ తీయకండి.

విమానంలో ఉండగానే జ్వరం మొదలైతే?

సిబ్బందికి చెప్పండి, దాచకండి. వాళ్ల దగ్గర ఇలాంటి సందర్భాల కోసం మాస్కులు, చేతితొడుగులు ఉన్న కిట్ ఉంటుంది. మీకు మాస్క్ ఇచ్చి, వీలైతే కాస్త ఎడంగా కూర్చోబెడతారు, ఒక టాయిలెట్ మీకే కేటాయించే ప్రయత్నం చేస్తారు. 38 డిగ్రీలు, అంటే 100.4 ఫారెన్‌హీట్, లేదా అంతకు మించిన జ్వరంతో పాటు ఆగని దగ్గు, ఊపిరాడకపోవడం, వాంతులు, తికమక పడడం లాంటివి ఉంటే పైలట్ దిగబోయే ఎయిర్‌పోర్టుకు ముందే కబురు పంపాలి. అది అంతర్జాతీయ నియమం. కింద ఎయిర్‌పోర్ట్ హెల్త్ ఆఫీసర్ చూస్తారు. హైదరాబాద్‌లో ఈ కార్యాలయం ఉంది. చూసి మందులు రాసి ఇంటికి పంపొచ్చు, అవసరమైతే ఆసుపత్రికి పంపొచ్చు. మీ సీటు నంబరు, ఫోను నంబరు తీసుకునేది చుట్టూ కూర్చున్నవాళ్లకు చెప్పడం కోసమే.

ముక్కు దిబ్బడ ఉంది, చెవులకు ఏమవుతుంది?

దిగేటప్పుడు నొప్పి. పైకి వెళ్లేటప్పుడు చెవి లోపలి గాలి తనంతట తనే బయటికి పోతుంది, దిగేటప్పుడు గాలి లోపలికి రావాలి. ముక్కు వెనక నుంచి చెవికి వెళ్లే గొట్టం జలుబుతో వాచి ఉంటే ఆ గాలి రాదు. కర్ణభేరి లోపలికి గుంజుకుపోతుంది, ఒక్కోసారి రక్తం చిమ్ముతుంది, చిరుగుతుంది కూడా.

దిగడం మొదలయ్యే అరగంట ముందు, అంటే చేరే సమయానికి గంట ముందు, ఆక్సీమెటాజోలిన్ లేదా జైలోమెటాజోలిన్ స్ప్రే వేసుకోండి. బీపీ, గుండె జబ్బు ఉంటే డాక్టరును అడిగాకే. మూడు రోజులకు మించి వాడితే దిబ్బడ ఇంకా ముదురుతుంది. దిగుతున్నంతసేపూ నిద్రపోకండి, గుటకలు మింగండి, ఏదైనా చప్పరించండి. ముక్కు మూసి, నోరు మూసి మెల్లగా గాలి ఊదొచ్చు. గట్టిగా ఊదితే మొదటికే మోసం. పసిపిల్లలకు దిగేటప్పుడు పాలు పట్టండి.

హ్యాండ్ బ్యాగులో ఏం పెట్టుకోవాలి? మందులతో ఇబ్బందేమైనా ఉందా?

పారాసిటమాల్ పది మాత్రలు, డిజిటల్ థర్మామీటరు, ఓఆర్‌ఎస్ పొట్లాలు నాలుగు, సెలైన్ చుక్కలు, మాస్కులు, టిష్యూలు, జిప్ కవర్లు రెండు (వాడిన టిష్యూలు సీటు జేబులో కుక్కకుండా), రోజూ వేసుకునే బీపీ, షుగర్ మందులు ప్రయాణం రోజులకు పైన ఇంకో వారానికి సరిపడా. వారం ఎందుకంటే, జ్వరం వచ్చి తిరుగు ప్రయాణం వాయిదా పడితే మందులు అయిపోకూడదు. ఆస్తమా ఇన్హేలర్ చెకిన్ బ్యాగులో వేయకండి. శానిటైజర్ 100 మిల్లీలీటర్ల సీసా మించకూడదు. సీసాలో సగమే ఉన్నా లెక్కలోకి తీసుకునేది సీసా పరిమాణాన్నే. పాదరసం థర్మామీటరు క్యాబిన్లోకి రానివ్వరు, గట్టి డబ్బాలో పెట్టి చెకిన్ బ్యాగులో వేయొచ్చు.

గల్ఫ్‌కు వెళ్లేవాళ్లు ఒకటి గట్టిగా గుర్తుంచుకోవాలి. కోడీన్ ఉన్న దగ్గు సిరప్‌లు, ట్రామడాల్ కలిసిన నొప్పి మాత్రలు అక్కడ నియంత్రిత మందులు. ముందస్తు అనుమతి లేకుండా దొరికితే కేసులు, జైలు. జగిత్యాలలోనో, రాజోలులోనో మందుల షాపువాళ్లు ఇచ్చిన సీసాను చూడకుండా సంచిలో వేసుకోకండి. లేబుల్ మీద మందుల పేర్లు ఒక్కొక్కటే చదివించుకోండి. ఊళ్లోవాళ్లు "మా వాడికి ఇవ్వండి" అని ఇచ్చే మందుల మూట అసలే వద్దు. తీసుకెళ్లే ప్రతి మందుకూ ఇంగ్లిషులో రాసిన చీటీ, అసలు ప్యాకింగ్ ఉండాలి.

పిల్లాడికి దారిలో జ్వరం వస్తే సిరప్ ఎంత పట్టాలి?

పారాసిటమాల్ కిలో బరువుకు 15 మిల్లీగ్రాముల చొప్పున, ఆరు గంటలకోసారి. తప్పు జరిగేది సీసాల దగ్గర. మన మార్కెట్లో 5 మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాములు ఉన్న సిరప్ ఉంది, 250 ఉన్నదీ ఉంది, ఒక్క మిల్లీలీటరుకే 100 ఉండే చుక్కల మందూ ఉంది. 12 కిలోల పిల్లాడికి కావాల్సింది 180 మిల్లీగ్రాములు. మొదటిదైతే 7.5 మిల్లీలీటర్లు, రెండోదైతే 3.6, చుక్కల మందైతే 1.8. "ఒక మూత పట్టండి" అనే లెక్క ఎందుకు పనికిరాదో దీన్ని బట్టే తెలుస్తుంది. బయల్దేరే ముందే సీసా మీద పెన్నుతో మీ పిల్లాడి మోతాదు రాసి పెట్టుకోండి. ఆస్పిరిన్ ఇవ్వకూడదు. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన జలుబు సిరప్‌లు నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడొద్దని మన ఔషధ నియంత్రణ సంస్థ 2023లోనే చెప్పింది. మూడు నెలల లోపు బిడ్డకు జ్వరం వస్తే సిరప్‌తో సరిపెట్టకండి, అది డాక్టరు చూడాల్సిన విషయం.

అమెరికా నుంచి సంక్రాంతికి వస్తున్నాం. ఇంట్లో అమ్మమ్మకు 80 ఏళ్లు.

అక్కడ ఫ్లూ పతాక స్థాయిలో ఉండేది డిసెంబరు, ఫిబ్రవరి మధ్యే. మీరు బయల్దేరేది సరిగ్గా అప్పుడు. మీరూ, అమ్మమ్మ ఇద్దరూ టీకా వేయించుకుని ఉండాలి. దిగాక మొదటి నాలుగు రోజులు కీలకం. ఇంట్లోనే ఉన్నా ఆమె పక్కన పడుకోకుండా, ముద్దులు, ఒకే కంచంలో గోరుముద్దలు ఆపి, గది కిటికీలు తెరిచి మాట్లాడుకోండి. పిల్లల మీద ఇంకా కన్నేసి ఉంచండి, ఇళ్లల్లోకి ఫ్లూను తెచ్చేది ఎక్కువగా వాళ్లే. రెండో రోజో మూడో రోజో గొంతు గరగర, ఒళ్లు నొప్పులు మొదలైతే "నీళ్లు మారాయి", "ఏసీ పడలేదు" అని కొట్టిపారేయడం మన ఇళ్లలో మామూలు. ఆ రోజులే ఫ్లూ బయటపడే రోజులు. వెంటనే వేరే గదిలోకి వెళ్లండి. అమ్మమ్మకు జ్వరం వస్తే మాత్రం ఒక్కరోజు కూడా ఆగకుండా డాక్టరుకు చూపించాలి. పెద్ద వయసువాళ్లకు జ్వరం పెద్దగా రాకుండానే మగతగా ఉండడం, అన్నం మానేయడం కూడా ఫ్లూ లక్షణాలే.

జ్వరం వల్ల ప్రయాణం మానుకుంటే డబ్బు వస్తుందా?

కొంత. దేశీయ విమానాల్లో రద్దు ఛార్జీ, బేస్ ఫేర్, ఫ్యూయల్ సర్‌ఛార్జీ రెండూ కలిపిన మొత్తాన్ని మించకూడదని విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన. నాన్ రిఫండబుల్ టికెట్ అయినా పన్నులు, యూడీఎఫ్ (యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు) వంటి ఎయిర్‌పోర్ట్ రుసుములు వెనక్కివ్వాల్సిందే. అడగకపోతే చాలామందికి తెలియకుండానే పోతాయి. రద్దు కన్నా తేదీ మార్పు సాధారణంగా చవక. ముఖ్యమైనది, విమానం బయల్దేరే సమయానికి ముందే ఆ పని చేయాలి. ఊరికే వెళ్లకుండా ఉండిపోతే నో షో అవుతుంది, తేదీ మార్చుకునే అవకాశం కూడా పోవచ్చు. ఒకే పీఎన్ఆర్‌లో (బుకింగ్ నంబరులో) రానూపోనూ టికెట్ ఉంటే, వెళ్లేది వదిలేస్తే వచ్చేది కూడా రద్దయిపోవచ్చు.

డాక్టరు దగ్గర తేదీ, జ్వరం ఎంత ఉంది, "ఫలానా తేదీ దాకా విమాన ప్రయాణానికి తగరు" అన్న వాక్యం, రిజిస్ట్రేషన్ నంబరు, సంతకం, ముద్ర ఉన్న సర్టిఫికెట్ తీసుకోండి. ట్రావెల్ ఇన్సూరెన్స్ క్లెయిముకూ, కొన్ని ఎయిర్‌లైన్లు దయతలిచి ఛార్జీ మాఫీ చేయడానికీ అదే ఆధారం. గల్ఫ్‌లో డ్యూటీలో చేరాల్సిన తేదీ దాటిపోతుందని భయపడేవాళ్లు ఆ సర్టిఫికెట్ ఫొటోను అదే రోజు కంపెనీకి, ఏజెంటుకు వాట్సాప్‌లో, మెయిల్‌లో పంపండి. ఫోన్లో చెప్పి ఊరుకుంటే తర్వాత చూపించడానికి ఏమీ ఉండదు. వీసా గడువు చివరి తేదీ కూడా ఒకసారి చూసుకుని, దానికి లోపలే కొత్త టికెట్ పెట్టుకోండి.